విషాదమునుండి ప్రసాదమునకు

శ్రీమద్భగవద్గీత యందలి మొదటి అధ్యాయమునకు ‘అర్జున విషాద యోగము’ అని పేరు. నిత్యము పారాయణ చేయువారికి ఈ పేరు చెవికి అలవాటగుటచే అందలి వింత తోచదు. జ్ఞానమునకు యోగమని పేరుండుట సహజము. కర్మకును భక్తికిని ఉండుట సహజము. కాళ్లు తడబడి, నోరెండి, విల్లు చేజారి, రథముపై కూలబడిన వాని దుఃఖమునకు యోగమను పేరేల? భగవంతుని మాట వినుటకు ముందు జీవుడు నిలుచు చోటు అదియే గనుక అని సమాధానము చెప్పుకొనవచ్చును. ఆ పేరు మరియొక మాటను గూడ చెప్పుచున్నది. విషాదమును మన పెద్దలు దాచిపెట్టవలసిన కళంకముగా ఎంచలేదు. గ్రంథారంభముననే అందరికిని కనబడునట్లు నిలిపిరి.

మన ఇండ్లలో మాత్రము మనము దానిని దాచిపెట్టుచున్నాము. జ్వరము వచ్చిన బిడ్డను ఎత్తుకొని వైద్యునికడకు పరుగెత్తుదుము. మనస్సు క్రుంగిన వానిని చూచి ‘నీకేమి తక్కువ?’ అని అడుగుదుము. భక్తుల ఇండ్లలో ఈ ప్రశ్న మరింత పదునుగా వచ్చును. దేవుని నమ్మినవానికి దిగులేల? దిగులు కలిగినచో వాని నమ్మకములో లోపమున్నట్లు కాదా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము. ఇది పండితుల వాదమునకు సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదు. కొన్ని ఇండ్లలో ఒక ప్రాణము నిలుచుటయు నిలువకపోవుటయు దీనికి మనమిచ్చు సమాధానముపై ఆధారపడియుండును.

ఆస్పరి సీమలో ఒక గృహస్థు

కర్నూలు జిల్లా పడమటి భాగమున, ఆదోని–గుంతకల్లు రైలు మార్గముపై ఆస్పరి కలదు. ఎఱ్ఱనేలలును నల్లరేగడియు కలిసిన మెట్టసీమ. వానను నమ్ముకొన్న సేద్యము. పత్తి పండినచో ఆదోని మార్కెట్టునకును, టమాటా పండినచో ఆస్పరి, పత్తికొండ మార్కెట్లకును బండ్లు కదలును. ఒక్కొక్క ఏడు ధర ఎంతగా పడిపోవుననగా, కోతకూలి కూడ రాక, కష్టించి పెంచిన కాయలను రైతు తన చేతులతోనే దారిప్రక్కన పారబోసి పోవును. పంట చేతికందని ఏటిలో ఇండ్లకు తాళములు వేసి, మిరప కోతలకును పత్తి తీతలకును గుంటూరు ప్రాంతమునకు కుటుంబములతో తరలిపోవుదురు. దీనినే అచ్చట ‘సుగ్గికి పోవుట’ అందురు.

ఆ సీమలో ఏ ఊరనైనను కనబడగల ఒక గృహస్థును తలచుకొందము. ఆయనకు నలుబదియైదేండ్లు. శనివారమునాడు తిరుపతి తిమ్మప్పకు దీపము పెట్టక గంజి ముట్టనివాడు. శ్రావణమాసమున ఉరుకుంద ఈరన్న స్వామి దర్శనమునకు తప్పక పోవువాడు. వరుసగా రెండేండ్లు పంట పోయినది. మొదట నిద్ర చెడినది. తెల్లవారుజామున మూడు గంటలకే మెలకువ వచ్చి, చీకటిలో కప్పు చూచుచు పడుకొనును. తరువాత ఆకలి పోయినది. ఆపైన మాట తగ్గినది. ఎద్దులకు మేత వేయుట కొడుకు పని యైనది. గడ్డము మాసినది. ఒక శనివారము దీపము పెట్టుట మానినాడు. భార్య అడుగగా, ‘ఏమో, మనసు రాలేదు’ అని గోడవైపు తిరిగి పడుకొన్నాడు.

ఊరు ఊరుకొనదు గదా! ‘కష్టాలు ఎవురికి లేవప్పా? ఈయప్పొక్కడేనా అప్పు జేసింది?’ అని ఒకరు. ‘దీపం పెట్టడం మానినాడంట. ఇంగ దేవుడేం జూస్తాడు?’ అని ఒకరు. ‘ఏదో గాలి సోకింటాది’ అని మరియొకరు. అరుగుమీది మాటలు లోపల పడుకొన్న వానికి వినబడుచునే యుండును. ఆయనకు అవి క్రొత్తవి కావు. తెల్లవారుజామున మూడు గంటలనుండి తనకు తాను చెప్పుకొనుచున్న మాటలే అవి.

మందలింపు ఎందుకు చాలలేదు?

ఇప్పుడు గీతను మరల చూతము. అర్జునుడు విల్లు విడిచి కూర్చుండగా భగవానుడు మొదట ఏమి చేసెను? మందలించెను. ఈ అధైర్యము నీవంటి వానికి తగదనియు, లేచి నిలువుమనియు చెప్పెను. చెప్పినవాడు సాక్షాత్తు పరమాత్మ. విన్నవాడు ఆయనకు ప్రియసఖుడు. ఐనను అర్జునుడు లేవలేదు. తన బాధను ఇంకను వివరించి, దారి చెప్పుమని శరణు వేడి, యుద్ధము చేయనని పలికి, మౌనము వహించెను. పారాయణలో మనము వడిగా దాటిపోవు ఘట్టమిది. మందలింపుచేతనే విషాదము తీరునదైనచో గీత రెండవ అధ్యాయపు తొలి శ్లోకములతోనే ముగిసియుండెడిది. అట్లు ముగియలేదు. భగవానుడు చిరునవ్వుతో మరల మొదలుపెట్టి, పదునెనిమిదవ అధ్యాయము వరకు ఓపికగా బోధించెను. అంతసేపును రథమును విడిచిపోలేదు. పగ్గములు చేతులనుండి జారనీయలేదు.

హనుమంతుని కథయు ఇట్టిదే. సుందరకాండ చదువని వైష్ణవగృహము ఉండదు. లంకలోని ప్రతి మందిరమును వెదకి, సీతమ్మ కానరాక, మారుతి ఎంతగా క్రుంగిపోయెనో వాల్మీకి దాచలేదు. తిరిగిపోయి రామునికి ఏమి చెప్పుదునని తలచి, ప్రాణములమీదనే విరక్తి పొందెను. అంతటి భక్తునికి అంతటి దిగులు కలిగినది! ఆ దిగులు ఆయన భక్తిలో లోపమని ఎవ్వరైనను అనగలరా? పిదప ఆయన చేసినది చిన్న పని. ప్రాణము నిలుపుకొన్నవాడు మేలును చూడగలడని తలచి, ఇంకను వెదకని చోటు ఏదని చూచెను. అశోకవనము మిగిలియున్నట్లు కనబడెను. నమస్కరించి, అటువైపు అడుగు వేసెను. దుఃఖము పూర్తిగా తీరిన తరువాత అడుగు వేయలేదు. దుఃఖముతోనే వేసెను.

ఈ రెండు కథలనుండి మనకు రెండు సంగతులు తెలియుచున్నవి. విషాదము భక్తులకును కలుగును. అది మందలింపుచే తీరదు. తోడుండువారి ఓపికచేతను, తాను వేయు చిన్న అడుగుచేతను తీరుటకు మొదలిడును.

ఇది వ్యాధి, పాపము కాదు

దుఃఖమంతయు వ్యాధి కాదు. పంట పోయినప్పుడు ఏడ్చుట, ఆప్తులు గతించినప్పుడు అన్నము సహించకపోవుట మనుష్యధర్మము. కాని దిగులుగాని, దేనియందును ఆసక్తి లేకపోవుటగాని, రెండు వారములకు మించి, దినములో అధికభాగము, దాదాపు ప్రతిదినమును ఉండి, నిద్ర, ఆకలి, బలము, ఏకాగ్రత చెడి, తాను పనికిరానివాడనను భావము పీడించుచున్నచో, వైద్యులు దానిని కుంగుబాటు వ్యాధియని, డిప్రెషన్ అని అందురు. 2015–16లో బెంగుళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ ఆధ్వర్యమున జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారము, మన దేశమున వయోజనులలో సుమారు ఇరువదిమందికి ఒకరు జీవితములో ఎప్పుడో ఒకప్పుడు దీనికి గురియైనవారే. నూరు గడపలున్న ఊరిలో ఎన్ని గడపలకు ఇది వచ్చియుండునో లెక్కించుకొనవచ్చును. పురుషులకంటె స్త్రీలకు ఇది ఎక్కువ. బిడ్డను కన్న తల్లికి ఆ ఏటిలోనే వచ్చినచో, ‘బాలింత అలసట’ అని అందరును తోసివేయుదురు.

శరీరములోని లోపములు కొన్ని దీనివలెనే కనబడును. గొంతువద్ద నుండు థైరాయిడ్ గ్రంథి మందగించినను, రక్తహీనత యున్నను, బి12 విటమిను తగ్గినను మనిషి నిస్తేజుడగును. బి12 పాలు, పెరుగు, మాంసాహారములనుండియే లభించును. పాలు పెరుగులు తక్కువగా వాడు శాకాహార గృహములలో ఈ లోపము కలుగవచ్చును. కావున ఒక రక్తపరీక్షతో తేలిపోవు విషయమునకు గ్రహశాంతులు చేయించుచు నెలలు గడుపుట వివేకము కాదు. పూజ చేసికొనుటను ఎవ్వరును వలదనరు. పరీక్షయు చేయించవలెనని మాత్రమే మనవి.

తిరుగుడుపడిన చక్రము

ఈ వ్యాధి స్వభావము చిత్రమైనది. మనస్సు క్రుంగుటచే మనిషి పని మానును. పని మానుటచే దినములో సంతోషము కలిగించునది ఏమియు మిగులదు. అందుచే మనస్సు మరింత క్రుంగును. ఇంటినుండి కదలకుండుటచే ఎండ తగులదు, అలసట కలుగదు. అలసట లేనిదే రాత్రి నిద్ర రాదు. నిద్ర లేనిదే ఉదయము లేవబుద్ధి పుట్టదు. ఇది వెనుకకు తిరుగు బావి గిలక వంటిది. చేద తనంతట తాను పైకి రాదు, దిగుచునే యుండును.

‘మనస్సు కుదిరిన తరువాత లేచెదను’ అని రోగి తలచును. మనమును అట్లే తలచుదుము. మనస్సు కుదురుటకు ముందే, చిన్న చిన్న పనులను కాలనియమముతో మొదలుపెట్టించినచో మనస్సు వెనువెంట వచ్చునని వైద్యులు కనుగొన్నారు. గోవాలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో సుమారు ఐదువందలమంది రోగులతో జరిగిన ఒక ప్రయోగము ఫలితములు 2017లో వెలువడినవి. వారితో మాటలాడినవారు వైద్యులు కారు. కొన్ని వారముల శిక్షణ పొందిన స్థానికులు. వారానికొకసారి చొప్పున ఆరు, ఎనిమిది సార్లు కూర్చుండి, రోగి మానివేసిన పనులలో ఏవి మరల మొదలుపెట్టవచ్చునో అతనితోనే నిర్ణయింపజేసి, మరుసటి వారము ఎట్లు జరిగినదని అడిగిరి. మూడు నెలలకు వీరిలో నూటికి 64 మంది తేరుకొనిరి. మామూలు చికిత్స మాత్రమే పొందిన వారిలో 39 మంది తేరుకొనిరి.

ఆహారమునందును విహారమునందును, నిద్రయందును మెలకువయందును మితము పాటించువానికి యోగము దుఃఖనాశకమగునని గీత ఆరవ అధ్యాయము బోధించుచున్నది గదా! మన నిత్యకర్మవిధి యంతయు ఈ మితముపైననే నిలిచియున్నది. దానిని క్రుంగినవాని భక్తికి పెట్టు పరీక్షగా కాక, మెట్లప్రక్కన పట్టుకొనుటకు వేసిన కమ్మీగా చూడవలెను.

దినచర్యయే ఔషధము

మొదటిది ప్రాతఃకాలము. రాత్రి ఎంత తక్కువ నిద్రపోయినను, ప్రతిదినము ఒకే వేళకు లేవవలెను. లేచినవెంటనే వాకిటికి వచ్చి ముఖమునకు వెలుతురు తగులనీయవలెను. ఉదయపు వెలుగే శరీరములోని గడియారమును సరిదిద్దును. తులసికోటకు చెంబెడు నీళ్లు పోయుట అను చిన్న ఆచారములో లేచుట, బయటికి వచ్చుట, వెలుతురు సోకుట, ఒక పని పూర్తిచేయుట అను నాలుగును కలవు. క్రుంగినవానికి ఆ దినమునకు అదియొక్కటి చాలును.

రెండవది నడక. 2024లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రకటించిన ఒక సమీక్షలో, 14 వేలమందికి పైగా పాల్గొన్న 218 ప్రయోగములను కలిపి చూడగా, నడక, మెల్లగా పరుగెత్తుట, యోగాభ్యాసము, బరువులతో వ్యాయామము కుంగుబాటును తగ్గించునని తేలినది. వారమునకు 150 నుండి 300 నిమిషములు ఒక మోస్తరు శ్రమ వయోజనులకు అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. ఐతే లేవలేని వానికి ఆ లెక్క చెప్పుట కొండను చూపి భయపెట్టినట్లగును. మొదటి వారము పది నిమిషములు చాలును. ఊరి చివరి గుడివరకు పోయి రావలెను. మరుసటి వారము చేనుగట్టువరకు. పిదప ఒకనాడు ఆదోనిలోని రణమండల కొండ మెట్లెక్కి, లంకలో తన దిగులును తాను దాటిన ఆ ఆంజనేయుని దర్శించవచ్చును. దేవుని కొండలమీద నిలిపిన మన పెద్దలు మన కాళ్లను కూడ తలచుకొనియే నిలిపిరేమో!

మూడవది ఆహారము. 2017లో ఆస్ట్రేలియాలో 67 మంది రోగులతో జరిగిన ఒక చిన్న ప్రయోగములో, కాయగూరలు, పప్పులు, ముడిధాన్యములు, పండ్లు, గింజలు అధికముగా నుండు భోజనమును మూడు నెలలు తిన్నవారిలో సుమారు మూడవవంతు తేరుకొనిరి. ఆస్పరి సీమ ఇండ్లకు ఇది క్రొత్త భోజనము కాదు. జొన్నరొట్టె, కొఱ్ఱన్నము, ఆకుకూర పప్పు, వేరుసెనగ పచ్చడి ఆ కోవలోనివే. ఆకలి లేనివానికి విస్తరి నిండ వడ్డింపక, కొద్దికొద్దిగా, వేళ తప్పక పెట్టవలెను. ఇచ్చట ఉపవాసమును గూర్చి ఒక మాట. రోగులకును, వృద్ధులకును, బాలురకును కఠినోపవాసమునుండి శాస్త్రమే మినహాయింపు ఇచ్చియున్నది. అన్నము సహించక చిక్కిపోవుచున్నవాడు, తన పాపమునకు ప్రాయశ్చిత్తమని ఏకాదశికి నీళ్లు కూడ ముట్టనన్నచో, ఇంటివారు మెత్తగా వారించవలెను. ప్రసాదమని చెప్పి పండొకటి చేతిలో పెట్టవలెను.

నాలుగవది నిద్ర. పగలు గంటల తరబడి పడుకొనరాదు. సాయంకాలము దాటిన తరువాత కాఫీ, టీలు తగవు. ఈ కాలమున చేతిలోని ఫోను రాత్రిని తినివేయుచున్నది. దానిని పడకగదికి బయట నుంచి, ఆ వేళకు విష్ణుసహస్రనామమును మెల్లగా వినుట మేలు. మద్యము నిద్ర తెచ్చునని కొందరి భ్రమ. అది తెచ్చు నిద్ర నడిరేయికే చెదరును. తెల్లవారుసరికి దిగులు రెట్టింపగును.

ఐదవది సాంగత్యము. ఆస్పరికి దూరముగాని చిప్పగిరిలో 1755లో దేహము చాలించిన విజయదాసులవారు మొదలైన హరిదాసులు భక్తిని ఒంటరి గదిలో బంధింపక, చేత తాళములతో వీథులలోనికి తెచ్చిరి. నలుగురితో కలిసి పాడునప్పుడు, పాడలేనివాడు కూడ కూర్చుండి తాళము వేయవచ్చును. క్రుంగినవానిని భజనలో పాడుమని బలవంతపెట్టరాదు. చాప పరచుట, దీపమునకు నూనె పోయుట, పూలు కట్టుట వంటి చిన్న పని ఒకటి అప్పగించిన చాలును. తన చేతిమీదుగా ఒక పని జరిగినదను భావము, తాను పనికిరానివాడనను లోపలి మాటకు తగిన సమాధానము.

ఇక జపము. ఏకాగ్రత చెడుట ఈ వ్యాధి లక్షణము. జపమాల తిప్పుచు మనస్సు నిలువక, దానికిని తననే నిందించుకొనువారు కలరు. అట్టివారు సంఖ్యను విడిచి, నడకలో అడుగడుగునకు ఒక నామము చెప్పుకొన్న చాలును. అదియు సాధ్యము కానినాడు ఇంటిలో మరియొకరు చెప్పుచుండగా విన్నను చాలును. భగవంతుడు వడ్డీలెక్క వ్రాయు సాహుకారు కాడు.

ఎవరి ధర్మము?

ఇంతవరకు చదివినవారికి ఒక సందేహము కలుగవచ్చును. లేవవలెను, నడువవలెను, తినవలెను అని చెప్పుట సులభము. ఆ శక్తి లేకపోవుటయే గదా వ్యాధి! కాలు విరిగినవానిని నడువుమన్నట్లు కాదా?

న్యాయమైన ప్రశ్న. ఈ నియమములను రోగి చేతిలో పెట్టి, పాటింపలేదని నిందించినచో, పాత మందలింపునకే క్రొత్త చొక్కా తొడిగినట్లగును. ఈ దినచర్య మొదట ఇంటివారి ధర్మము, పిదపనే రోగి ధర్మము. ‘లేసి నడువు’ అనుట వేరు. ‘పదన్నా, నేనూ వస్తా, ఆ మలుపు దాంక పోయొస్తాం’ అని చెప్పులు తొడిగి నిలుచుట వేరు. మొదటిది ఆజ్ఞ. రెండవది సారథ్యము. ‘ధైర్యంగా ఉండు’ అని చెప్పి వెళ్లిపోవుటకంటె, ఏమియు చెప్పక ప్రక్కన కూర్చుండి చిక్కుడుకాయలు ఒలుచుట మేలు. వాడు ఈనాడు రానన్నచో రేపు మరల పిలువవలెను. రెండడుగులు వేసి మరలినచో, ఆ రెండడుగులను లెక్కలో చేర్చవలెను.

మురికినీటిని మన పెద్దలు ఎట్లు తేర్చెడివారు? చిల్లగింజను అరగదీసి, ఆ గంధమును కడవలో కలిపి, కదలింపక ఉంచెడివారు. కడవను తిట్టినందువలన నీరు తేరదు. మాటిమాటికి కలచినను తేరదు. కొంచెము మందు, కొంచెము నిలుకడ, కొంత కాలము కావలెను. గీతలో ‘ప్రసాదము’ అను మాటకు మనస్సు తేటపడుట అని అర్థము. ఆ తేట కలిగినప్పుడు దుఃఖములన్నియు తొలగునని రెండవ అధ్యాయము చెప్పును. మనము గుడిలో చేయిచాచి అందుకొను ప్రసాదమునకును, మనస్సునకు కలుగవలసిన ప్రసాదమునకును పేరొక్కటే. ఆ రెండవదానిని కూడ ఎవరో ఒకరు చేతికందీయవలసియున్నది.

సుగ్గికి పోయిన ఊళ్లలో ముసలివారు ఇంటికి కావలిగా మిగిలిపోవుదురు. వారికి నలతగా నున్నదని చెప్పుకొనుటకు కూడ మనిషి ఉండడు. పొరుగువారు సాయంకాలము ఒకమారు గడపలో నిలిచి, ‘అవ్వా, సంగటి తింటివా?’ అని అడుగుట దేవాలయములో నూటెనిమిది ప్రదక్షిణములకు తక్కువ కాదని నా నమ్మకము.

ఔషధమును గూర్చియు ఆపదను గూర్చియు

దినచర్య గొప్ప సహాయము. కాని వ్యాధి ముదిరినచోట అదియొక్కటే చాలునని చెప్పుట అపాయము. వైద్యుడు మందు వ్రాసినప్పుడు దానిని తీసికొనుట శరణాగతికి విరోధము కాదు. వైద్యో నారాయణుడని నమ్మిన జాతి మనది. ఈ మందులు మొదటి దినముననే పనిచేయవు. రెండు మొదలు ఆరు వారములు పట్టవచ్చును. తేరుకొన్నట్లు కనబడినవెంటనే స్వయముగా మానరాదు. సాధారణముగా తేరుకొన్న తరువాత కూడ కనీసము ఆరు నెలలు వాడుమని వైద్యులు చెప్పుదురు. మంత్రాలయమునకు పోయి రాయరవారి బృందావనమునకు ప్రదక్షిణము చేసి, ఆ తీర్థము పుచ్చుకొని, అదే దారిలో వైద్యుని చూచి వచ్చుటలో విరోధమేమియు లేదు. పూర్వాశ్రమమున వేంకటనాథుడుగా కటిక దారిద్ర్యమును అనుభవించిన శ్రీ రాఘవేంద్రతీర్థులవారికి గృహస్థుని దిగులు తెలియనిది కాదు.

క్రుంగినవాడు తాను లేకున్న ఇంటికి మేలని గాని, బ్రతుకు చాలునని గాని అన్నచో, దానిని ఉత్తమాటగా తోసివేయరాదు. చనిపోవలెనని తోచుచున్నదా అని నెమ్మదిగా, సూటిగా అడుగవచ్చును. అడిగినందువలన ఆ తలంపు పుట్టదు. మనస్సులో మోయుచున్న బరువు కొంత దిగును. అట్టివానిని ఒంటరిగా విడువరాదు. చేనికి వాడు పురుగుమందులను ఇంటిలో నుంచక, మరియొకరి వద్ద తాళము క్రింద నుంచవలెను. వెంటనే వైద్యశాలకు తీసికొనిపోవలెను. కేంద్ర ప్రభుత్వము 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 అను సంఖ్యపై రాత్రింబగళ్లు, ఉచితముగా, తెలుగులోనే మాటలాడవచ్చును. ప్రాణాపాయముగా నున్నచో 108కి పిలువవలెను. ఈ సంఖ్యలను పంచాంగము ప్రక్కన గోడపై వ్రాసియుంచుట మంచిది.

మరియొక సత్యమును దాచరాదు. నడకచే అప్పు తీరదు. తులసికి నీళ్లు పోసినందువలన టమాటా ధర పెరుగదు. ఆ బాధలకు వేరు మార్గములు వెదకవలెను. ఐతే క్రుంగినవాడు కాగితము విప్పి తన అప్పుల లెక్క చూచుటకే భయపడును. బావమరిదియో, తమ్ముడో ప్రక్కన కూర్చుండి, ‘ఎంతుండాదో జూస్తాం రా’ అని కలిసి లెక్క వేసినచో, చీకటిలో భూతమువలె తోచినది వెలుతురులో మొత్తముగా తేలును. మొత్తము పెద్దదే కావచ్చును. కాని ఒక్కడు మోయు పెద్ద బరువునకును, నలుగురు పట్టిన పెద్ద బరువునకును భేదము కలదు.

మొదట వేసికొన్న ప్రశ్నకు వత్తము. దేవుని నమ్మినవానికి దిగులేల? శరీరమున్నందున జ్వరము వచ్చినట్లు, మనస్సున్నందున దిగులు వచ్చును. అది నమ్మకమునకు కొలత కాదు. ఆ ఇంటనున్న తక్కినవారి నమ్మకమునకు మాత్రము అది పరీక్షయే. రథము దిగి పోవుదుమా, పగ్గములు పట్టుకొని నిలుతుమా అని ఆ సమయమున భగవంతుడు మనలను చూచుచుండును.

ఆస్పరి గృహస్థు ఇంటికి మరల పోదము. శనివారము సాయంకాలము. ఆయన దీపము పెట్టలేదు. భార్య ఆయనను ఏమియు అనక, ప్రమిదలో నూనె పోసి, వత్తి వేసి, అగ్గిపెట్టెను ఆయన ప్రక్కన పెట్టి కూర్చున్నది. ‘ఈ పొద్దు నేను పెడతా. నువ్వు ఊరికే కూసోని జూడు, సాలు’ అన్నది. ఆయన చూచెను. వచ్చు శనివారము ఆయనయే పుల్ల గీయునో లేదో మనము చెప్పజాలము. గీయకున్నను దీపము వెలుగుచుండును. ఇంకను వెదకని చోటు ఒకటి ప్రతి ఇంటిలోను మిగిలియున్నదని మారుతి మనకు చూపెను గదా!

దీనబంధువైన శ్రీనివాసుడు క్రుంగినవారికి ఒక అడుగు వేయు బలమును, వారి ప్రక్కనున్నవారికి కలిసి నడుచు ఓపికను ప్రసాదించుగాక.